ఏలినవారికి పొగడ్తల అర్జీ

ఏలినవారి సముఖానికి,

డెబ్బై ఏళ్లుగా రాయలసీమ నుంచి మీకు వచ్చినవన్నీ అర్జీలే. నీళ్లు వదలండి, కాలువలో పూడిక తీయండి, పంటల బీమా డబ్బులు ఎప్పుడు వేస్తారో చెప్పండి. ఇన్ని కాగితాల్లో మెచ్చుకోలు మాట ఒక్కటీ లేదు. అది మా మోటుతనం. కృష్ణా జిల్లా శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్ర మహావిష్ణువును కాసుల పురుషోత్తమ కవి శతకం పొడుగునా తిట్టీ తిట్టనట్టు పొగిడాడు. ఆ దేవుడు ఏమీ అనుకోలేదు. ఆయనకు దేవుడు దొరికాడు, మాకు మీరు దొరికారు. మీరూ ఏమీ అనుకోరన్న ధైర్యంతో ఈ ఒక్కసారికి అడగడం మాని పొగుడుదామని కూర్చున్నాం.

మీరంటే ఫలానా పార్టీ అని కాదు. మద్రాసు కోట, కర్నూలు గుడారాలు, హైదరాబాదు సచివాలయం, వెలగపూడి, ఢిల్లీ, ఎక్కడ గద్దె ఉంటే అక్కడ కూర్చున్న అందరూ మీరే. మా సీమలో పుట్టి అక్కడికి వెళ్లి కూర్చున్నవాళ్లు మరీ మీరు.

ఒక ప్రాంతాన్ని బాగుచేయడం పెద్ద విద్యేమీ కాదు. పొలానికి నీళ్లు, ఊరికి రోడ్డు, పిల్లవాడికి బడి ఇస్తే మిగతాది అక్కడి జనమే చూసుకుంటారు. కృష్ణా తుంగభద్రలు రెండూ పక్కనే పారుతుండగా, ఏడుగురు ముఖ్యమంత్రులను, ఒక రాష్ట్రపతిని పంపిన నేలను ఇన్ని దశాబ్దాలు చెక్కుచెదరకుండా వెనకే ఉంచడం ఉంది చూశారూ, దానికి దక్షత కావాలి. ఆ దక్షతకే ఈ నమస్కారం.

మా వెనుకబాటుకు మీ ఆస్థాన మేధావులు కారణాలు చెబుతుంటే వినముచ్చటగా ఉంటుంది. అనంతపురంలో ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన. పడమటి కనుమలు మబ్బుల్ని అటే ఆపేసుకుంటాయి. రాతినేల. పైగా జనానికి పౌరుషం ఎక్కువ, పని తక్కువ. ఇందులో వాన సంగతి నిజం, కనుమల సంగతి నిజం. అయితే ఒక చిక్కుంది. 1832-33లో గుంటూరు సీమను ఊడ్చేసిన కరువును జనం నందన కరువని, డొక్కల కరువని తరతరాలు చెప్పుకున్నారు. కృష్ణ అప్పుడూ అక్కడే పారుతోంది. గోదావరి జిల్లాలు కూడా ఆ రోజుల్లో కరువుకు, ఉప్పెనకు నడుమ నలిగినవే. తరువాత కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర 1847లో పని మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట కట్టాడు. మూడేళ్లకు బెజవాడలో కృష్ణకు కట్ట పడింది. ఆ తరువాత అక్కడి జనం ఒక్కసారిగా కష్టజీవులైపోయారు, తెలివైనవాళ్లైపోయారు, వ్యాపార దక్షులైపోయారు. కాలువ నీళ్లలో ఇన్ని సుగుణాలున్నాయని కనిపెట్టి, ఆ రహస్యం మా వైపు పొక్కకుండా కాపాడుకొస్తున్న మీ గోప్యతను మెచ్చుకోవాలి.

డెల్టా రైతును చిన్నబుచ్చడానికి ఈ మాట అనడం లేదు. చేతికొచ్చిన నీటిని ఆయన వృథా పోనివ్వలేదు. తిన్నాక మిగిలిన ధాన్యం రైసుమిల్లు అయింది. మిల్లు లాభం సినిమా హాలైంది, తరువాత సినిమాయే అయింది, కాలేజీ అయింది, హైదరాబాదులో మందుల ఫ్యాక్టరీ అయింది, పిల్లల చదువై అమెరికా వెళ్లింది. 1923లో మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకు పెట్టారంటే, అక్కడ దాచుకోవడానికి జనం దగ్గర డబ్బు ఉండబట్టి. మా దగ్గర ఆ కాలానికి దాచుకోవడానికి మిగిలింది ధాత కరువు జ్ఞాపకాలు. 1876 నుంచి 78 దాకా బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిన కరువది.

న్యాయం చెప్పాలంటే మాకూ ఒక కాలువ వచ్చింది. 1860లలో లండన్ వాటాదార్ల కంపెనీ ఒకటి సుంకేసుల దగ్గర తుంగభద్రను మళ్లించి కర్నూలు-కడప కాలువ తవ్వింది. పడవలు నడిపి, నీళ్లు అమ్మి లాభాలు తీద్దామనుకుంది. లాభం రాలేదు, 1882లో సర్కారే కొనుక్కుంది. అక్కడ సర్కారు ఆనకట్ట, ఇక్కడ కంపెనీ కాలువ. తేడా అప్పుడే మొదలైంది. దాన్ని మీరు మొదలుపెట్టలేదు, కొనసాగించారు. వారసత్వాన్ని నిలబెట్టడమూ గొప్పే కదా.

1960 ప్రాంతంలో కేంద్రం సాంద్ర వ్యవసాయ జిల్లాల పథకం పెట్టింది. మంచి విత్తనం, ఎరువు, అప్పు, సలహా అన్నీ ఒకేచోట కుమ్మరించడానికి దేశంలో కొన్ని జిల్లాలను ఎంచింది. మన రాష్ట్రం నుంచి ఎంచింది పశ్చిమ గోదావరిని. నీళ్లున్నచోట ఫలితం త్వరగా కనిపిస్తుందని లెక్క. లెక్కలో తప్పేమీ లేదు. పంక్తిలో ఎవరికి ఆకలిగా ఉందో చూడకుండా, ఎవరికి బాగా అరుగుతుందో చూసి వడ్డించడం మీ పద్ధతి. అరిగినవాడికి మళ్లీ ఆకలేస్తుంది, మళ్లీ వడ్డిస్తారు. చివరి విస్తరి దగ్గరికి వచ్చేసరికి గిన్నె ఖాళీ అయితే, చివర కూర్చున్నవాడికి అరగదని రాసుకుంటారు.

ఇక ఒప్పందాలను గౌరవించడంలో మీకు సాటి లేరు. 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా పెద్దలు, సీమ పెద్దలు కూర్చున్నారు. ఆంధ్ర రాష్ట్రం వస్తే కోస్తావాళ్ల కింద నలిగిపోతామని మా వాళ్ల భయం. ఆ భయం పోగొట్టడానికి రాసుకున్న కాగితంలో ఏముంది? రాజధాని, హైకోర్టు రెండింటిలో సీమ ఏది కోరితే అది సీమలో. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో పదేళ్లో అంతకు మించో సీమకు, నెల్లూరుకు ముందు వాడకం. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం. ఈ కాగితాన్ని మీరు చించలేదు, కాల్చలేదు. ప్రతి ఎన్నికల ముందు బయటికి తీసి, దుమ్ము దులిపి, కళ్లకద్దుకుని, మళ్లీ లోపల పెట్టారు. ఇంత భద్రంగా ఉన్న ఒడంబడిక దేశంలో ఇంకొకటి ఉంటుందని అనుకోను.

అమలు అసలే లేదనడం అన్యాయం. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధాని అయింది. ఆఫీసులకు ఇళ్లు చాలక గుడారాలు వేశారు. 1956 నవంబర్ 1న గుడారాలు పీకి హైదరాబాదు వెళ్లారు. మూడేళ్ల ముచ్చట. ఆ తరువాత మీరు అన్నీ హైదరాబాదు చుట్టే పోగేశారు. బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్, ఐడీపీఎల్, రక్షణ పరిశోధన శాలలు, ఆ తరువాత సాఫ్ట్‌వేర్. 2014లో రాష్ట్రం విడిపోయి హైదరాబాదు చేయిజారినప్పుడు అందరం ఏడ్చాం. ఏడుస్తూనే, ఇకనైనా అన్నీ ఒక్కచోట పెట్టొద్దన్న బుద్ధి వస్తుందనుకున్నాం. కేంద్రం వేసిన శివరామకృష్ణన్ కమిటీ కూడా అదే చెప్పింది: ఒకే మహానగరం వద్దు, పంచండి, డెల్టా పంటపొలాల జోలికి పోకండి. నివేదిక అందిన కొద్దిరోజులకే, 2014 సెప్టెంబర్ 4న, రాజధాని విజయవాడ పరిసరాల్లోనే అని అసెంబ్లీలో ప్రకటించారు. కమిటీని వేసినవారికి, చదవనివారికి, ఇద్దరికీ సమానంగా వందనాలు.

తరువాత ఇంకొకరు వచ్చి కర్నూలుకు న్యాయ రాజధాని అన్నారు. 2020లో చట్టం చేశారు, 2021లో వెనక్కి తీసుకున్నారు. హైకోర్టు నేలపాడులోనే ఉండిపోయింది. అయితే ఆ హడావుడిలో లోకాయుక్తను, మానవ హక్కుల కమిషన్‌ను కర్నూలుకు పంపారు. హక్కులు అందకపోయినా ఫిర్యాదు చేసుకునే ఆఫీసు దగ్గర్లో పెట్టిన మీ ముందుచూపుకు జోహార్లు.

నీళ్ల దగ్గరికి వద్దాం. మీ ప్రతిభ అసలు వెలిగింది అక్కడే.

1950ల మొదట్లో కృష్ణా-పెన్నార్ ప్రాజెక్టు అని ఒక ఆలోచన ఉండేది. సిద్ధేశ్వరం దగ్గర కృష్ణకు అడ్డుకట్ట వేసి నీళ్లను సీమ మీదుగా పెన్నలోకి, అటునుంచి కిందికి తీసుకుపోవడం. మద్రాసు వాళ్లు మన నీళ్లు ఎత్తుకుపోతారని గొడవ లేచింది. ఆ గొడవలో మద్రాసుతో పాటు మేమూ కొట్టుకుపోయాం. సంగతి పరిశీలించిన ఖోస్లా కమిటీ నందికొండ వైపు మొగ్గింది. 1955 డిసెంబర్‌లో నెహ్రూ అక్కడ శంకుస్థాపన చేసి ఆధునిక దేవాలయం అన్నారు. నాగార్జునసాగర్ అదే. మాకు శ్రీశైలం మిగిలింది. శ్రీశైలం మొదట కరెంటు ప్రాజెక్టు. 1981లో నీళ్లు నింపడానికి ఊళ్లు ఖాళీ చేయించారు. మునిగినవి దాదాపు వంద గ్రామాలు. ఇటు కర్నూలు జిల్లావి, అటు పాలమూరు జిల్లావి. రెండూ వెనుకబడిన జిల్లాలే. వెనుకబడినవాళ్లు ఒడ్డుకు ఇవతల ఒకరు, అవతల ఒకరు మునిగి, కిందివాళ్లకు దీపాలు వెలిగించే ఈ ఏర్పాటులో ఎంత సమన్యాయం ఉందో చూడండి. మునిగిన ఇళ్లవాళ్లకు ఇంటికొక ఉద్యోగమని జీవో 98 ఇచ్చారు. ఆ జీవో పట్టుకుని తిరుగుతూ ఉద్యోగం వయసు దాటి, పింఛను వయసుకు చేరినవాళ్లున్నారు.

జీవోలంటే గుర్తొచ్చింది. శ్రీశైలం జలాశయంలో నీటిమట్టం 854 అడుగులకు తగ్గకుండా ఉంటేనే సీమకు నీళ్లు వదిలే పోతిరెడ్డిపాడు తూముకు ఓ మాదిరిగా నీళ్లందుతాయి. 1996లో జీవో 69తో ఆ కనీస మట్టాన్ని 834కు దించారు. ఇంకా కిందిదాకా కరెంటు తీసుకోవచ్చు, సాగర్‌కు వదులుకోవచ్చు. 2004లో జీవో 107తో మళ్లీ 854కు ఎక్కించారు. ఇరవై అడుగులు కిందికి ఒక కాగితం, ఇరవై అడుగులు పైకి ఒక కాగితం. కొండ మారలేదు, నది మారలేదు, తూము మారలేదు. ఎనిమిదేళ్లు మా ప్రాంతం ఒక అంకె కింద వెనుకబడి ఉంది. ప్రకృతి శాపం అని మీరు అనేదాన్ని మేము దగ్గరగా చూసింది ఈ జీవోల్లోనే. శాపానికి నెంబరు, తేదీ, సంతకం ఉండడం మీ పాలనలోని పారదర్శకతకు నిదర్శనం.

జీవో పైకెక్కినంత మాత్రాన నీళ్లు ఎక్కాలని లేదు. మట్టం నిలబెట్టడం సంతకం పెట్టినంత తేలిక కాదు మరి.

తెలుగుగంగ సంగతి చెప్పకపోతే కృతఘ్నత అవుతుంది. 1983లో చెన్నై దాహం తీర్చడానికి పదిహేను టీఎంసీలు ఇస్తామని మొదలైంది. సీమ గుండా కాలువ పోయింది. 1996కల్లా కృష్ణా నీళ్లు చెన్నై చేరాయి. దాహంతో ఉన్న మహానగరానికి నీళ్లివ్వడం ధర్మం, కాదనం. కాలువ కింద మాకూ ఆయకట్టు ఉందని మ్యాపు గీశారు, మ్యాపు అందంగా ఉంది. అదే రోజుల్లో అనంతపురం జిల్లాలో ఫ్లోరైడు నీళ్లు తాగుతున్న వందలాది ఊళ్లకు తాగునీరు తెచ్చింది పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు. ప్రభుత్వం చేయాల్సిన పనిని దేవుడి పేరు మీద ఎవరైనా చేసుకునే అవకాశం ఇవ్వడం, మీలోని భక్తికి గుర్తు.

అడిగినన్ని నీళ్లు అసలే ఇవ్వలేదని కూడా అనలేం. 2009 అక్టోబర్ 2న కర్నూలు ఊరంతా మునిగేలా ఇచ్చారు.

2016 మే 31న మా రైతులు తొందరపడి సిద్ధేశ్వరం అలుగుకు తామే శంకుస్థాపన చేస్తామని బయల్దేరారు. మీరు పోలీసులను పంపి దారుల్లో ఆపించారు. తప్పు మాదే. శంకుస్థాపన అంటే హెలికాప్టర్ దిగాలి, శిలాఫలకం మీద పేర్లు ఒక వరసలో ఉండాలి. ఆ పద్ధతి నేర్చుకోవాలంటే జమ్మలమడుగు వైపు వెళ్లాలి. కడప జిల్లాకు ఉక్కు ఫ్యాక్టరీ అని 2007లో ఒక రాయి వేశారు. విభజన చట్టంలో దాని గురించి రాశారు. 2018 డిసెంబర్‌లో ఇంకో రాయి. 2019 డిసెంబర్‌లో మరో రాయి. 2023 ఫిబ్రవరిలో నాలుగోది. ఆ చుట్టుపక్కల ఉక్కు తప్ప అన్నీ పుష్కలంగా దొరుకుతాయి, ముఖ్యంగా రాళ్లు.

విభజన చట్టం అంటే వెనుకబడిన ప్రాంతాల ప్రత్యేక ప్యాకేజీ కూడా. ఒడిశా కేబీకే జిల్లాల మాదిరిగా, బుందేల్‌ఖండ్ మాదిరిగా సీమకు, ఉత్తరాంధ్రకు ఇస్తామని రాశారు. ఏడు జిల్లాలకు, జిల్లాకు ఏటా 50 కోట్లు చొప్పున మూడేళ్లు ఇచ్చారు. నాలుగో ఏడాది 350 కోట్లు 2018 ఫిబ్రవరిలో ఖాతాలో వేసి, మళ్లీ వెనక్కి తీసుకున్నారు. సంక్రాంతికి వచ్చి కొత్త బట్టలు చూపించి, పట్టుకెళ్లిపోయిన మేనమామను మేము చూడలేదు. మిమ్మల్ని చూశాం.

ఇప్పుడు మా నాయకుల వైపు చూడాలి. లేకపోతే మిమ్మల్ని ఒక్కరినే పొగిడినట్టవుతుంది. నీలం సంజీవరెడ్డి, దామోదరం సంజీవయ్య, కోట్ల విజయభాస్కరరెడ్డి, చంద్రబాబు నాయుడు, వై.ఎస్. రాజశేఖరరెడ్డి, కిరణ్ కుమార్ రెడ్డి, జగన్మోహన్ రెడ్డి. పి.వి. నరసింహారావు ప్రధాని పీఠమెక్కాక లోక్‌సభ సీటు కావలసి వస్తే నంద్యాలే గెలిపించి పంపింది. వేరుశనగ పండకపోయినా ముఖ్యమంత్రులు పండుతూనే ఉన్నారు. కొందరు పోతిరెడ్డిపాడు వెడల్పు చేశారు, కొందరు హంద్రీ-నీవా కాలువను కదిలించారు, అది ఒప్పుకోవాలి. మిగతా సమయంలో వాళ్లు రాష్ట్రం మొత్తానికి ముఖ్యమంత్రులని మాకు గుర్తు చేశారు. కోస్తా ముఖ్యమంత్రికి ఆ గుర్తు చేసే అవసరం ఎందుకు రాదో మాకు ఇంతవరకూ అంతుబట్టలేదు. ఊళ్లో మాత్రం ఏ నాయకుడి వర్గం అన్న లెక్క తెగకపోవడం వల్ల నీళ్ల లెక్క అడిగే తీరిక మాకు దొరకలేదు. ఆ తీరిక దొరకకుండా చూసిన మీ శ్రమను, చూడనిచ్చిన మా పౌరుషాన్ని కూడా ఇందులో కలుపుకోండి. 1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చాక సినిమావాళ్లు సుమోలు పేల్చి మా కీర్తిని దశదిశలా చాటారు. కత్తి చూపినన్ని సార్లు కరువు చూపలేదు, దానికి టికెట్లు తెగవు.

సుగ్గి సంగతి చెప్పి ముగిస్తాను. కర్నూలు పడమటి మండలాల్లో, కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు, కౌతాళం వైపు, ఖరీఫ్ పంట చేతికి రాలేదని తేలగానే జనం సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతారు. మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇచ్చి ఉంటాడు. గిన్నెలు, బియ్యం మూట, దుప్పట్లు, నీళ్ల క్యాను, చంకలో పిల్ల. బొలేరోల్లో, లారీల్లో, కొందరు రైలెక్కి గుంటూరు, ప్రకాశం వైపు. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి. చేను గట్టున టార్పాలిన్ గుడారం. మిరప ఘాటుకు పసిపిల్లలు రాత్రంతా దగ్గుతారు. ఇక్కడ ఊళ్లో వీధికి వీధి తాళాలు. తాళం లేని ఇంట్లో ముసలావిడ ఉంటుంది, రేషన్ తెచ్చుకోవడానికి, మేకను చూసుకోవడానికి. బడిలో హాజరు పట్టీ మీద సున్నాలు. మీరు దీనికీ పరిష్కారం కనిపెట్టారు. సీజనల్ హాస్టళ్లు. వలస ఆగదు గనుక వలసకు తగ్గ హాస్టల్. తల్లిదండ్రులు గుంటూరులో కోత కోస్తుంటే పిల్లలు ఊళ్లో మీ అన్నం తింటారు. పిల్లల కడుపు నిండడం మంచిదే, ఎవరూ కాదనరు. ఆ ఊరి పక్కనుంచే తుంగభద్ర పారుతోందన్న సంగతి మాత్రం హాస్టల్ మెనూలో ఉండదు.

కాలువ కింద మిరప పండించే రైతుకు కోతకు కూలీలు కావాలి. కాలువ లేని ఊరి కూలీకి కోత కావాలి. ఒక ప్రాంతం ఎందుకు పైకి పోయింది, ఇంకొకటి ఎందుకు కింద ఉండిపోయింది అని అడిగేవాళ్లు ఈ బొలేరో ఎక్కితే చాలు. రెండు ప్రాంతాలూ వేరు వేరు కథలు కావు, ఒకే లెక్కలో రెండు వైపులు. ఈ వైపు అందరూ బాగుపడిపోతే ఆ వైపు కోత ఎవరు కోస్తారన్న దూరాలోచన మీకు ఉండే ఉంటుంది.

మేము పని చేయలేని వాళ్లమని చెప్పేవారికి తాడిపత్రి అరటి సాక్ష్యం. బోరు నీళ్లు, డ్రిప్పు పైపులు నమ్ముకుని పండించిన గెలలు 2020లో ప్రత్యేక రైలెక్కి ముంబై రేవు మీదుగా గల్ఫ్‌కు పోయాయి. గొల్లపల్లి జలాశయంలోకి హంద్రీ-నీవా నీళ్లు వచ్చాక పెనుకొండ పక్కన కియా ఫ్యాక్టరీ వచ్చి, 2019లో కార్లు బయటికి వచ్చాయి. నీళ్లు రాకముందు ఆ బంజరు మీద పెట్టుబడి పెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. వచ్చిన ఏడాదిలోపే ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. ఇలాంటివి ఇంకో రెండు మూడు జరిగితే మా వెనుకబాటుకు ప్రమాదం. మీరు జాగ్రత్తగానే ఉన్నారని తెలుసు.

ఒక్క మనవి. వచ్చే ప్యాకేజీ ప్రకటనో, వచ్చే శంకుస్థాపనో కోసిగి వైపు పెట్టదలిస్తే నవంబరుకూ ఉగాదికీ మధ్య పెట్టకండి. ఆ నెలల్లో ఊళ్లో ముసలివాళ్లే ఉంటారు, చప్పట్లు గట్టిగా పడవు. జనం నిండుగా కావాలంటే గుంటూరు మిరపచేల గట్ల మీద పెట్టండి. మా వాళ్లంతా అక్కడే దొరుకుతారు.